గుండెలో మనవాళ్ళు

రాజపాళయం
20 ఫిబ్రవరి 1941

చిరంజీవి వేదనాయకికి పిన్నమ్మ జానకియమ్మాళ్ దీవించి రాసింది. అందరం క్షేమం అని రాయడానికి ఈసారి వీల్లేదు. నువ్వు మాత్రం క్షేమంగా ఉండి తీరాలి, ఎందుకంటే నీతో పని పడింది.

తొమ్మిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి ఉలిక్కిపడి ఉంటావు. మీ అమ్మ పోయాక ఈ చేతులతోనే నీకు తలదువ్వాను, ఈ చేతులతోనే తెలుగు అక్షరాలు దిద్దించాను. తర్వాత మీ నాయనా మీ చిన్నాయనా చోళపురం బావి దగ్గర మోట వంతు కోసం కొట్లాడుకున్నారు. మీ నాయన నిన్ను చెయ్యి పట్టుకుని సత్రపట్టికి తీసుకుపోయాడు. ఆ రోజు ఎవరి ఎద్దులు ముందు కట్టారో, ఎవరు విప్పారో ఇప్పుడు ఇద్దరికీ సరిగా గుర్తులేదు. కోపం మాత్రం బ్రహ్మాండంగా గుర్తుంది.

సంగతికి వస్తాను. సోమవారం మీ చిన్నాయన పెరట్లో పత్తి కుప్ప దగ్గర నిలబడి, తడి పత్తి పొడి పత్తిలో కలిపారని అందరినీ తిడుతున్నారు. తిట్టు మధ్యలో ఆగిపోయింది. ఆయన తిట్టు సగంలో ఆగడం నా కాపురంలో నేను చూడలేదు, అప్పుడే భయపడ్డాను. "నెంజులో ఎవురో కూచోనుండారే" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. ఒళ్ళంతా చెమట. గ్యాసు అనుకుని వాము నీళ్ళు తాగించాను. ఎడమ చెయ్యి కూడా లాగుతోందంటే మన పాలేరు ఇరులప్పన్ పరుగెత్తి డాక్టరును తీసుకొచ్చాడు.

గుండెకు రక్తం తీసుకుపోయే నాళం ఒకటి మూసుకుందట. సూది వేశాడు, నొప్పి తగ్గింది. ఆరు వారాలు మంచం మీద నుంచి లేవకూడదన్నాడు. కానీ మర్నాడు జ్వరం వచ్చింది. డాక్టరు వేలు పొడిచి రక్తం తీసి భూతద్దంలో చూసి, తెల్లవి బాగా పెరిగాయి అన్నాడు. ఏం తెల్లవి అంటే నాకు అర్థమయ్యేలా చెప్పలేక ఇంగ్లీషులోకి పోయాడు.

గుండె చాలదన్నట్టు ఈ రెండో జబ్బేమిటే? నీ హాస్టలు అడ్రసు ఇరులప్పన్ సంపాదించాడు, అతని చెల్లెలు మీ ఇంట్లోనే పని చేస్తోంది కదా. నువ్వు చదివే డాక్టరు చదువులో ఇది ఉంటే రాయి. మీ నాయనకు చెప్పకు. మన కుక్క, అదే తెల్లది, మంచం కింద పడుకుని డాక్టరు వచ్చినప్పుడల్లా పళ్ళు చూపిస్తోంది. దానికీ ఆయన మీద నమ్మకం కుదిరినట్టు లేదు.

నీ పిన్నమ్మ
జానకి

మద్రాసు
23 ఫిబ్రవరి 1941

ప్రియమైన పిన్నమ్మకు అనేక నమస్కారాలు.

కవరు మీద "వేదనాయకి" అన్న అక్షరాల్లో ఆ "వే" చూడగానే తెలిసిపోయింది. హాస్టలు మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. వార్డెనమ్మ వచ్చి ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదండీ, ఒకరు దొరికారు అన్నాను.

ముందు నీ భయం తీరుస్తాను. ఆ జ్వరం రెండో జబ్బు కాదు. నాళం మూసుకుంది కాబట్టి గుండె కండలో ఒక చోటికి రక్తం అందలేదు. అందని కండ చచ్చిపోతుంది. ఆ కబురు శరీరమంతా పాకుతుంది. రక్తంలో తెల్ల కణాలు ఉంటాయి పిన్నమ్మా, దెబ్బ తగిలిన చోటికి పరుగెత్తేవి. అవి వేలకు వేలు అక్కడికి చేరుతాయి. మీ డాక్టరు చూసింది వాటినే, జ్వరం కూడా ఆ హడావిడిలో భాగమే.

మా కాలేజీలో చనిపోయినవాళ్ళ గుండెల్ని సన్నగా కోసి, రంగు వేసి, గాజుపలకల మీద పెట్టి చూపిస్తారు. నొప్పి వచ్చిన మర్నాడు పోయినవాడి గుండెలో, చచ్చిన కండ అంచున చిన్న తెల్ల కణాలు గుమిగూడి కనిపిస్తాయి. వారం తర్వాత పోయినవాడి గుండెలో వేరేవి, పెద్దవి, దిగి ఉంటాయి. అవి చచ్చిన కండను తినేస్తాయి. అది ఖాళీ అయిన చోట సన్నని నారలు పుట్టి, కొన్ని వారాల్లో గట్టిపడి, తెల్లటి మచ్చ అవుతుంది.

ఇప్పుడు అసలు మాట. పాతగోడలో చెడిన మట్టి గీకేశాక, కొత్త మట్టి ఆరక ముందు గోడ ఎలా ఉంటుంది? చిన్నాయన గుండె వచ్చే వారం పది రోజులు అలా ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఆయన లేస్తారు. లేచిన ఊపుకు ఆ మెత్తటి చోటు చిరిగితే ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు. తిండి, స్నానం, అన్నీ మంచం మీదే. ఆయన్ను లేవనివ్వకు పిన్నమ్మా. నాకు ఉన్న ఒకే ఒక్క చిన్నాయన.

నాయనకు చెప్పను.

ఇట్లు
ఎస్. వేదనాయకి

రాజపాళయం
27 ఫిబ్రవరి 1941

చి. వేదకు దీవెనలు.

నాకు రాసే ఉత్తరంలో కూడా మీ నాయన పేరులో మొదటి అక్షరం తగిలించి సంతకం పెడతావా? నువ్వెవరి కూతురివో నాకు తెలియదనా?

నీ ఉత్తరం మీ చిన్నాయనకు చదివి వినిపించాను. అదే నేను చేసిన తప్పు. "తినేస్తాయి" అన్న చోటికి వచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపమన్నారు. "ఏమే, మళ్ళా చదువు" అన్నారు. చదివాను. ఆయన సంగతి నీకు తెలుసు కదా, పుట్టినప్పటి నుంచి పత్తి చేలో బతికిన మనిషి. ఒకటి వచ్చి ఇంకొకదాన్ని తింటుంది అంటే ఆయన లెక్కలో అది పురుగే. కాయ తొలిచే పురుగు, ఆకు తినే పురుగు, ఇప్పుడు గుండె తినే పురుగు. "నా నెంజులో పురుగు పడినాది, ఆ డాక్టరు నాకు చెప్పలే. బిడ్డ మంచిది, నిజం రాసినాది" అని నీకు మెచ్చుకోలు కూడా.

అంతే, వైద్యం మొదలైంది. ఇరులప్పన్‌ను పంపి వేపాకు తెప్పించి రసం తీయించారు. రెండు పూటలా తాగుతున్నారు, ముఖం చూడలేకపోతున్నాను. శుక్రవారం పొద్దున ఆముదం తాగుతారట. కడుపు కడిగితే గుండె కూడా కడుక్కుంటుందట. నేను వద్దంటే, "నీకేం తెలుసు, చేలో మందు కొట్టకుండా సుమ్మా ఊరికే చూస్తా కూచుంటే పంట మిగులుతుందా?" అన్నారు.

ఆముదం ఎంత ఇవ్వాలో రాయి. డాక్టరును అడిగితే అరుస్తాడని అడగలేదు.

ఇంకొకటి. పక్కింటి ముత్తులక్ష్మి మొదలుకొని మన వీధి అంతా చూడటానికి వస్తోంది. వచ్చినవాళ్ళందరికీ ఆయన మోచేతి మీద లేచి వేపరసం మహిమ చెబుతున్నారు.

పిన్నమ్మ

మద్రాసు
2 మార్చి 1941

పిన్నమ్మకు నమస్కారాలు. ముందు ఇది చదువు, మిగతాది తర్వాత: ఆముదం వద్దు. చుక్క కూడా వద్దు. శుక్రవారం అని రాశావు, నీ ఉత్తరం చేరేసరికే శుక్రవారం దాటింది. అందుకే ముందు తంతి ఇచ్చి, తర్వాత ఇది రాస్తున్నాను. తంతి సమయానికి చేరిందో లేదో వెంటనే రాయి. భేదికి ముక్కి లేచి కూర్చుంటే ఆ మెత్తటి చోటు మీద ఎంత బరువు పడుతుందో నేను రాయలేను.

అవి పురుగులు కావు. బయటినుంచి వచ్చినవి అసలే కావు. చిన్నాయన ఎముకల్లోని మూలుగలో పుట్టిన ఆయన సొంత కణాలే. బతికిన కండను వదిలిపెట్టి చచ్చినదాన్ని తీసేస్తాయి. వాటిని తరిమేస్తే చచ్చిన కండ అలాగే కూర్చుంటుంది, మచ్చ పడటానికి చోటే ఉండదు. ఆయనతో ఇలా చెప్పు, అవి చేనుకు పట్టిన పురుగు కాదు, చేను బాగుచెయ్యడానికి వచ్చిన మనవాళ్ళు.

చూడవచ్చేవాళ్ళను ఆపెయ్యి. ఎంత దగ్గరవాళ్ళయినా సరే, గది గుమ్మం దాటకూడదు.

నాయనకు సత్రపట్టిలో ఎవరో చెప్పేశారట, ఉత్తరం రాసి నన్ను అడిగారు. ఆయన హడావిడిగా బండి కట్టుకుని వస్తారేమో అని, ఆరు వారాలు చిన్నాయన ఇంటికి వెళ్ళవద్దని ఒక కార్డు రాసి పడేశాను. ఆ దిగులు నీకు అక్కర్లేదు.

వేద

రాజపాళయం
6 మార్చి 1941

చి. వేదకు.

ఇంట్లో మంచి ఆముదం లేక శుక్రవారం తాగవలసింది ఆదివారానికి పడింది, గిన్నె ఆయన చేతిలో ఉండగా తంతివాడు వచ్చాడు. తంతి అంటే మన ఇళ్ళలో చావు కబురే కదా, వీధి వీధంతా గుమిగూడింది. చదివించి చూస్తే "ఆముదం వద్దు" అని ఉంది. మద్రాసు నుంచి ఆముదం గురించి తంతి వచ్చిన ఇల్లు రాజపాళయంలో మనదొక్కటే. గిన్నె దించేశారు. నా ప్రాణం కుదుటపడింది.

ఇప్పుడు ఆయన వేరే మనిషి. పురుగులు పోయి "మనవాళ్ళు" వచ్చారు. నేను గిన్నె చప్పుడు చేస్తే, "మెల్లంగా పోవే, లోపల మనవాళ్ళు పని చేస్తా ఉండారు" అంటారు. అన్నం తింటూ, "వాళ్ళకు ఏం పెడితే బాగుంటాదో బిడ్డను అడుగు" అంటారు. జ్వరం తగ్గిందని తెలిసి, చిన్నవాళ్ళు పోయి పెద్దవాళ్ళు దిగినట్టున్నారని తనే లెక్క చెప్పారు. పెరట్లో కూలీలకు కూడా ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు.

చూడవచ్చేవాళ్ళను ఆపమన్నావు, ఆపాను. గుమ్మానికి అడ్డంగా రోకలి పెట్టి కూర్చున్నాను. వీధిలో సగం మందికి నా మీద కోపం. అది పరవాలేదు.

కానీ వేదా, మీ నాయనకు ఏం రాశావు నువ్వు? ఇరులప్పన్ చెల్లెలు కబురు తెచ్చింది. ఆయన నీ కార్డు చేత్తో పట్టుకుని వాకిట్లో తిరిగాడట. "నా తమ్ముడు చచ్చేటట్టు ఉండాడు. నన్ను రావద్దని నా బిడ్డ చేతనే రాయించినాడు" అన్నాడట. బండి కట్టించినవాడు ఎద్దులు విప్పించేశాడట.

ఇది మీ చిన్నాయన చెవిన పడింది. మంగలి చెప్పాడు, గడ్డం గీసేటప్పుడు రోకలి అడ్డం పెట్టలేను కదా. విన్నప్పటి నుంచి నేనే పోతాను సత్రపట్టికి అంటున్నారు. మంచం దిగబోతే కాళ్ళ మీద కూర్చున్నాను. నా బరువు ఇన్నాళ్ళకు ఒక మంచి పనికి వచ్చింది.

మన ఇంటి పద్ధతి నీకు గుర్తుందా? మాటలు లేని అన్న గుమ్మానికి వస్తే తమ్ముడు తన చేత్తో చెంబెడు నీళ్ళు కాళ్ళ మీద పోసి లోపలికి పిలవాలి. పోయకపోతే పిలవనట్టే, ఇక ఈ జన్మకు మాటలు లేనట్టే. మీ నాయన వస్తే ఈయన లేస్తారు. రాకపోతే ఈయనే పోతానంటారు. నన్నేం చెయ్యమంటావు?

పిన్నమ్మ

మద్రాసు
10 మార్చి 1941

పిన్నమ్మా,

నాదే పొరపాటు. నీకు మూడు పేజీలు రాసి, నాయనకు ఒక్క ముక్క రాశాను. "ఆరు వారాలు అక్కడికి వెళ్ళవద్దు, ఎస్. వేదనాయకి" అని. డాక్టరులా రాశాను, కూతురిలా రాయలేదు. ఎందుకో చెప్పకుండా వద్దంటే ఆయన ఏమనుకుంటారో నాకు తెలిసి ఉండాలి.

నిన్న రాత్రి ఆయనకు పొడుగాటి ఉత్తరం రాశాను. తెల్ల కణాలు, చచ్చిన కండ, మచ్చ, అన్నీ. నీకు రాయనిది కూడా ఒకటి రాశాను. మచ్చ పడిన చోట మళ్ళీ కండ రాదు పిన్నమ్మా. ఆ చోటు ఇక కొట్టుకోదు. కానీ అటూ ఇటూ కొట్టుకునే కండను విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పూర్వంలా అవుతుందా అని నువ్వు అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుందని భయపడ్డాను. పూర్వంలా అవ్వదు, కానీ బతకడానికి చాలుతుంది.

జవాబు వస్తుందో రాదో తెలియదు. వచ్చే నెల సెలవులకు నేనే వస్తాను, అప్పటిదాకా వాళ్ళిద్దరినీ ఎదురుపడనివ్వకు. కాళ్ళ మీద కూర్చోవడం మంచి వైద్యమే, మానవద్దు.

నీ వేద

రాజపాళయం
18 మార్చి 1941

చి. వేదకు,

ఎదురుపడనివ్వకు అని నువ్వు రాసినంత తేలిక కాదు. నిన్న పొద్దున జరిగింది వరసగా చెబుతాను, మధ్యలో కంగారుపడకు.

వంటింట్లో ఉన్నాను. వీధిలో ఎద్దుల మెడగంటలు వినపడ్డాయి. నాకు అన్ని గంటలూ ఒకటే. ఆయనకు కాదు. "అన్న ఎద్దులే" అన్నారు మంచం మీద నుంచి. నేను గదిలోకి వచ్చేసరికి ఒక కాలు నేల మీద ఉంది. ఇంకో కాలు దించుతున్నారు. ముఖం తెల్లగా పాలిపోయింది. నీ గోడ మట్టి నాకు కళ్ళకు కట్టింది వేదా. ఆ గోడ ఆరలేదు, ఈ మనిషి లేస్తున్నాడు, బయట ఆ మనిషి నిలబడి ఉన్నాడు.

కిటికీలోంచి చూశాను. మీ నాయన బండి దిగి గుమ్మం ముందు నిలుచున్నాడు, తలపాగా చేత్తో పట్టుకుని. కేక వెయ్యలేదు, అడుగు ముందుకు పెట్టలేదు. పిలుపు కోసం నిలుచున్నాడు.

"విడవే, నేను పోయి నీళ్ళు పొయ్యాల" అన్నారు ఈయన.

"మీరు పోనక్కర్లే. మంచమే పోతాది" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట.

ఇరులప్పన్‌ను, పత్తి ఏరే ముగ్గురిని పిలిచాను. మంచం నాలుగు కోళ్ళు నలుగురు పట్టారు. గది తలుపులో మంచం ఇరుక్కుంది. పక్కకు వంచుదామన్నాడు ఇరులప్పన్, మనిషి జారిపోతాడు, తలుపే పీకమన్నాను. పీకారు. నడవలోంచి తీసుకొచ్చి, తలవైపు గుమ్మానికి ఆనించి దించారు. చెంబు ఆయన చేతికి ఇచ్చాను. పడుకునే చెయ్యి చాపి నీళ్ళు పోశారు. సగం మీ నాయన కాళ్ళ మీద పడ్డాయి, సగం గుమ్మంలో పడుకున్న కుక్క మీద పడ్డాయి. కుక్క లేవలేదు, మహానుభావురాలు.

"లోపలికి రా అన్నా" అన్నారు. ఆ మాటకు మోచేతి మీద లేవబోయారు.

మీ నాయన వంగి భుజం మీద చెయ్యి పెట్టి అదిమేశాడు. "డేయ్, పడుకో. లోపల మనవాళ్ళు పని చేస్తా ఉండారంట, వాళ్ళను కదిలించొద్దు. బిడ్డ రాసింది" అన్నాడు. నీ ఉత్తరం నడుము దగ్గర పంచెలో దోపుకుని ఉన్నాడు, చెమటకు తడిసిపోయింది. ఈయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోలేదు.

తర్వాత మంచం లోపలికి పోవాలి కదా. ఇరులప్పన్ తలవైపు కోడు పట్టుకోబోతే మీ నాయన అతన్ని పక్కకు తప్పించాడు. "ఈ మూల నాది" అన్నాడు. అరవై దాటిన మనిషి, నడుము నొప్పి మనిషి, తమ్ముడి మంచం ఎత్తాడు. "మెల్లంగా, మెల్లంగా" అని తనకు తనే చెప్పుకుంటూ గదిలోకి తీసుకుపోయాడు.

డాక్టరు సాయంత్రం వచ్చి చెవిగొట్టం పెట్టి చూసి, ఏమీ కాలేదన్నాడు. తలుపేమైంది అని అడిగాడు. గాలి కోసం పీకించాను అన్నాను.

పిన్నమ్మ

మద్రాసు
21 మార్చి 1941

పిన్నమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం క్లాసులో, గాజుపలక పక్కన పెట్టుకుని చదివాను. మా ప్రొఫెసరు గారు చూసి ఏమిటది అన్నారు. మచ్చ గురించే సార్ అన్నాను. నిజమే కదా.

ఇంకో రెండు వారాలు. దయచేసి ఇంకే తలుపూ పీకవద్దు.

నీ వేద

రాజపాళయం
6 ఏప్రిల్ 1941

చి. వేదకు దీవెనలు.

మంగళవారం డాక్టరు లేవమన్నాడు. ఇన్నాళ్ళు లేవవద్దంటే లేస్తానన్న మనిషి, లేవమనగానే భయపడ్డారు. "మనవాళ్ళు ముగించుకోని పోయినారా లేదా, బిడ్డను అడిగి చెప్పు" అన్నారు. పోయారులెండి అన్నాను. మీ నాయన ఒక చెయ్యి పట్టుకున్నాడు, నేను ఒక చెయ్యి. గుమ్మం దాకా నడిచి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చారు. ఆయాసం వచ్చింది, ఒకప్పటి నడక కాదు. నువ్వు రాసినట్టే. చాలు.

మీ నాయన రోజూ వస్తున్నాడు. తోటలో సప్పట్ట మామిడి ముందుగా దిగిందని బుట్ట తెచ్చాడు. నీకు దాచాను, సెలవులకు త్వరగా రా, ఇరులప్పన్ చూపు దాని మీదే ఉంది.

ఈ ఉత్తరం రాస్తుంటే నడవలో ఇద్దరూ అరుచుకుంటున్నారు. చోళపురం మోట సంగతే. "ముందు కట్టింది నా ఎద్దులు" అని ఒకరు, "విప్పింది నువ్వు" అని ఒకరు. అరుపు బాగా పెరిగింది, కుక్క లేచి పెరట్లోకి పోయింది. నేను మాత్రం ఆపడం లేదు. గుమ్మం పక్కన రోకలి పెట్టుకుని వింటున్నాను. మచ్చ గట్టిపడిందో లేదో నాకూ తెలియాలి కదా.

నీ పిన్నమ్మ
జానకి